మొదటి తుపాకి చాలునా? – మట్టిపిట్టల గురిలో గణితము, భౌతికశాస్త్రము

పొదిలి చుట్టుపట్ల జొన్నచేలు పాలుపోసుకొను వేళ, మంచె మీద నిలిచి వడిసెల త్రిప్పుచు చిలుకలను తోలు కుర్రవాడు పూర్వము తరచుగా కనిపించెడివాడు. అతడు భౌతికశాస్త్రము చదివినవాడు కాదు. అయినను ఎగిరిపోవు చిలుక మీదికి సూటిగా రాయి విసరడు. దానికి కొంత ముందుగా, ఏమియు లేని ఖాళీచోటికి విసరును. రాయి గాలిలో ఉన్నంతసేపు పిట్ట కదలక నిలిచియుండదని అతనికి అనుభవమే నేర్పినది. మట్టిపిట్టల గురి అను క్రీడకు మూలసూత్రము ఇదియే. వడిసెలకు బదులు గుళ్ళ తుపాకి. చిలుకకు బదులు, యంత్రము గాలిలోనికి విసరు ఒక చిన్న పళ్ళెము.

పళ్ళెము అనుటయే సరియైన మాట. దాని అడ్డుకొలత 11 సెంటీమీటర్లు, ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. ఇంట దీపము పెట్టు ప్రమిదను బోర్లించినట్లుండును. పేరునకు మట్టిపిట్ట యైనను ఇందులో మట్టి లేదు. సున్నపురాతి పొడిని తారు వంటి పదార్థముతో కలిపి అచ్చుపోయుదురు. గట్టిగా నేలకు తగిలిన పగులును, ఒకటి రెండు సీసపు గుళ్ళు తగిలినను పగులును. ఐరోపాలోను అమెరికాలోను మొదట ప్రాణమున్న పావురములనే పెట్టెల నుండి వదలి కాల్చెడివారు. పిదప గాజు బంతులు వచ్చినవి. 1880లో అమెరికాలోని సిన్సినాటి నగరవాసి జార్జి లిగోస్కీ ఈ పళ్ళెమును రూపొందించెను. ఆ తరువాత పావురములకు విముక్తి కలిగినది గాని పేరు మాత్రము వాటిదే నిలిచినది.

ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీ రెండు విధములు. ట్రాప్ అను దానిలో కందకములో దాచిన యంత్రములు గురికానికి ఎదురుగా, అతని నుండి దూరముగా పళ్ళెములను విసరును. కందకమునకు 15 మీటర్లు వెనుక గురికాడు నిలుచును. పళ్ళెము ఎడమకు పోవునో కుడికి పోవునో అతనికి ముందుగా తెలియదు. ఇరువైపుల 45 డిగ్రీల వరకు పోవచ్చును. తాకకుండ వదలినచో 76 మీటర్ల దూరము పోయి పడును. స్కీట్ అను దానిలో రెండు గూళ్ళ నుండి పళ్ళెములు అడ్డముగా దాటిపోవును. ఒక్కొక్కప్పుడు రెండును ఒకేసారి ఎగురును.

తెలుగునాట ఈ క్రీడకు తగిన రేంజి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో కలదు. హైదరాబాదు వాడైన కైనన్ షెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీలో పాల్గొనెను. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో జొరావర్ సింగ్ సంధూ, పృథ్వీరాజ్ తొండైమాన్‌లతో కలిసి జట్టు స్వర్ణపతకమును, వ్యక్తిగతముగా కాంస్యమును పొందెను. ఆ ముగ్గురును కలిసి 375 పళ్ళెములలో 361 పగులగొట్టిరి; అందులో షెనాయ్ వంతు 125కు 122.

ఇక మన ప్రశ్నకు వత్తము. పొదిలి ప్రాంతములో మిరప, పొగాకు సాగుచేయు కుటుంబములోని యువకుడొకడు ఈ క్రీడ నేర్చుకొనుచున్నాడనుకొందము. అతని చేతిలో ఉన్నది లైసెన్సు గల ఒంటి గొట్టపు 12 బోరు తుపాకి. శిక్షకుని వద్ద ఒక విడతకు 25 పళ్ళెముల చొప్పున కాల్చగా సగటున 18 పగులుచున్నవి. “మంచి తుపాకి కొనుము, 22 వచ్చును” అని తోడివారు చెప్పుచున్నారు. పోటీలకు పనికివచ్చు ఇటలీ తుపాకి వెల లక్షల రూపాయలలో ఉండును. రైతు కుటుంబమునకు అది చిన్న నిర్ణయము కాదు. కొత్త తుపాకి నిజముగా ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు?

గొట్టము చేయని పని

ముందుగా ‘12 బోరు’ అను మాటను విప్పి చూడవలెను. ఒక పౌను, అనగా 453.6 గ్రాముల సీసమును 12 సమాన గోళములుగా చేసినచో ఒక గోళము ఎంత లావుండునో, గొట్టపు లోపలి వ్యాసము అంత యని అర్థము. విద్యార్థులు దీనిని తామే లెక్కకట్టవచ్చును. ఒక్కొక్క గోళము 37.8 గ్రాములు. సీసపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు గనుక ఘనపరిమాణము 3.33 ఘన సెంటీమీటర్లు. గోళపు సూత్రము ననుసరించి వ్యాసము 1.85 సెంటీమీటర్లు వచ్చును. వేయి రూపాయల తుపాకికైనను పది లక్షల తుపాకికైనను 12 బోరు గొట్టపు లోపలి కొలత ఇంచుమించు ఇదియే.

గుళ్ళ వేగమును నిర్ణయించునది తోటా, తుపాకి కాదు. పోటీల తోటాలో 24 గ్రాముల గుళ్ళుండును. అవి గొట్టపు మూతిని సెకండుకు సుమారు 400 మీటర్ల వేగముతో విడుచును. గొట్టము పొడుగైన కొలది గుళ్ళు దూరము పోవునని పల్లెలలో ఒక నమ్మకము కలదు. నల్లమందు కాలములో అందులో కొంత నిజముండెను. ఆ మందు నెమ్మదిగా మండెడిది. నేటి పొగలేని మందు గొట్టపు మొదటి జానెడు దూరములోనే చాలవరకు మండిపోవును. అటుపైన గొట్టమును రెండున్నర సెంటీమీటర్లు పొడిగించినను పెరుగు వేగము సెకండుకు రెండు మూడు మీటర్లకు మించదు. నాలుగు వందలలో అది లెక్కకు రాదు. పోటీలవారు పొడుగు గొట్టములను వాడుట నిజమే గాని దానికి కారణము వేరు. దానిని ముందు చూతము.

పిట్టకు ముందుగా ఎంత ఎడమివ్వవలెనో కూడ తుపాకి వెలను బట్టి మారదు. పళ్ళెము 35 మీటర్ల దూరమున ఉన్నప్పుడు గుళ్ళు దానిని చేరుటకు సుమారు 0.12 సెకండు పట్టును. గాలి ఆటంకము వలన దారిలో వాటి సగటు వేగము 300 మీటర్లకు దిగిపోవును. ఆ వ్యవధిలో సెకండుకు 20 మీటర్ల వేగము గల పళ్ళెము 2.4 మీటర్లు కదలును. అది 45 డిగ్రీలు ప్రక్కకు పోవుచున్నచో అందులో అడ్డముగా జరుగు భాగము 1.7 మీటర్లు. అనగా 11 సెంటీమీటర్ల వస్తువును కొట్టుటకు దానికి ఒక నిలువు మనిషి యెత్తున ముందు గురి ఉండవలెను. మంచె మీది కుర్రవాని విద్య ఇదియే. ఏ దుకాణములోను దొరకదు.

గుళ్ళు పరచుకొను తీరు

తుపాకికి తుపాకికి నిజముగా భేదము కలుగజేయునది గొట్టపు మూతి వద్ద ఉండు నొక్కు. దీనినే చోక్ అందురు. నీళ్ళ గొట్టపు మూతిని బొటనవ్రేలితో నొక్కినప్పుడు ధార మారునట్లు, మూతి కొంచెము సన్నగిలినచో గుళ్ళు దగ్గరగా పోవును. పూర్తి నొక్కు అనిన వ్యాసములో ఒక మిల్లీమీటరు తగ్గుదల మాత్రమే! ఇంత స్వల్ప భేదము 36 మీటర్ల దూరమున ఎంత ఫలితమునిచ్చునో చూడదగినది.

రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెము తక్కువగా, 2.4 మిల్లీమీటర్లుండు గుళ్ళు 24 గ్రాములకు సుమారు 300 తూగును. 36.6 మీటర్ల దూరమున, అనగా 40 గజములకు, ఒక కాగితముపై కాల్చి 76 సెంటీమీటర్ల వ్యాసము గల వృత్తములో ఎన్ని గుళ్ళు పడినవో లెక్కించుట వాడుక. నొక్కు లేని గొట్టమునకు నూటికి 40, సగము నొక్కునకు 60, పూర్తి నొక్కునకు 70 పడును. 300లో 40 శాతమనగా 120. ఆ వృత్తపు వైశాల్యము సుమారు 4,560 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి ఒక్కొక్క గుండునకు 38 చదరపు సెంటీమీటర్ల చోటు. పూర్తి నొక్కులో 210 గుళ్ళు పడును, ఒక్కొక్కదానికి 22 చదరపు సెంటీమీటర్లు. అంచుమాత్రమే కనబడుచు పోవు పళ్ళెము చూపు వైశాల్యము పాతిక చదరపు సెంటీమీటర్లకు మించదు. గుళ్ళు వృత్తమంతట సమముగా పడవు, నడుమ ఒత్తుగాను అంచున పలుచగాను ఉండును. అందుచేతనే నడుమ చిక్కిన పళ్ళెము తప్పదు, అంచున చిక్కినది తప్పించుకొనవచ్చును. దూరమునకు పోవు ట్రాప్ పళ్ళెమునకు నొక్కు గల గొట్టమే తగినది.

స్కీట్‌లో కథ తారుమారగును. అక్కడ పళ్ళెము 20 మీటర్ల లోపే దాటిపోవును. ఆ దూరమున పూర్తి నొక్కు గొట్టపు గుళ్ళు సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పునకు, నొక్కు లేని గొట్టపు గుళ్ళు 80 సెంటీమీటర్లకు పరచుకొనును. వెడల్పు రెట్టింపయినచో వైశాల్యము నాలుగు రెట్లు. బిగువైన గొట్టముతో స్కీట్ నేర్చుకొనువాడు, ఇరుకు వలతో చేపలు పట్టబోయినవానితో సమానుడు. నొక్కును తొలిచి సడలించుట నేర్పరియైన తుపాకి పనివానికి సాధ్యము; ఒకసారి తొలిచిన పిదప మరల నొక్కు రాదు గనుక, తొందరపడరాదు. కొత్త తుపాకులలో మరచుట్టుతో బిగించు నొక్కు గొట్టములు మార్చుకొను ఏర్పాటుండును. ఇది వాటి నిజమైన సౌకర్యములలో ఒకటి.

కనుక మన యువకుడు మొట్టమొదట చేయవలసినది, కొలత గీసిన కాగితములు రేంజికి తీసికొనిపోయి, శిక్షకుని ఎదుట తన తుపాకితో అయిదారు కాగితములు కాల్చి గుళ్ళు లెక్కించుట. కాగితము ఖరీదు కొద్ది రూపాయలు.

తన్ను, బరువు, త్రిప్పు

గుళ్ళు ముందుకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నునని న్యూటను మూడవ సూత్రము చెప్పును. ఎంత బలముగా తన్నునో కట్టి చూతము. 24 గ్రాముల గుళ్ళు 400 మీటర్ల వేగమున 9.6 ప్రమాణముల ద్రవ్యవేగమును కొనిపోవును. వాటి వెనుకనుండు బిరడా, మందు మండి వచ్చు వాయువులు కలిపి సుమారు 2.7 ప్రమాణములు. మొత్తము 12.3. ఇంతే ద్రవ్యవేగము తుపాకికి ఎదురుగా కలుగును. తుపాకి 2.8 కిలోగ్రాములైనచో భుజమును తాకు శక్తి 27 జౌళ్ళు, 3.6 కిలోగ్రాములైనచో 21 జౌళ్ళు. ఒక్క దెబ్బకు భేదము 6 జౌళ్ళే. కాని పోటీలో 125 పళ్ళెములుండును. ఒక్కొక్కదానికి ఒక తోటా చొప్పున చూచినను తేలిక తుపాకి భుజమునకు 3,375 జౌళ్ళు అందించగా బరువు తుపాకి 2,625 అందించును.

ఈ లెక్కకు నొప్పికంటె ముఖ్యమైన పర్యవసానమొకటి కలదు. తన్నునకు జడిసినవాడు మీట నొక్కు క్షణమున తెలియకుండనే కన్ను మూయును, భుజము ముడుచుకొనును, తుపాకి త్రిప్పుట ఆపివేయును. గుళ్ళు పిట్టకు వెనుక పడును. ఇంటింట నుండు ఒంటి గొట్టపు తుపాకులు మోయుటకు తేలికగా ఉండునట్లు చేసినవి. దినమునకు ఒకటి రెండు తోటాల పనికి ఉద్దేశించినవి. దినమునకు నూరు కాల్చువానికి వాటి తేలికదనమే శత్రువగును. అయినను తుపాకి మడమకు రబ్బరు మెత్త బిగించుట, పోటీలకు చాలినంత తేలిక తోటాలే వాడుట అను రెండు చౌక ఉపాయములు ముందుగా చేసి చూడదగినవి.

పొడుగు గొట్టమునకు కారణము ఇక్కడ తెలియును. వస్తువును త్రిప్పుటకు గల జడత్వము దాని బరువు మీదనే కాక, త్రిప్పు చోటి నుండి ఆ బరువుండు దూరపు వర్గము మీద ఆధారపడును. 80 సెంటీమీటర్ల దూరమున ఉంచిన 80 గ్రాములు, 40 సెంటీమీటర్ల వద్ద ఉంచిన 320 గ్రాములతో సమానమైన జడత్వము నిచ్చును. పొడుగు గొట్టము త్రిప్పుటకు మొదట మొరాయించినను, ఒకసారి కదలిన పిదప ఆగకుండ సాఫీగా సాగును. రోకటికి బరువు కొనను ఉండుటలోని కిటుకు కూడ ఇట్టిదే. పరుగెత్తు పిట్టను అనుసరించి తుపాకిని నిలుపకుండ త్రిప్పవలసిన పోటీదారునికి ఇది మేలు. చిన్నశరీరము గల కుర్రవానికి అదే బరువు చేతులు దించివేయును. ఒకరికి తగినది మరియొకరికి తగదు.

వెనుక గురి కన్నే

రైఫిలుకు ముందొకటి వెనుకొకటి రెండు గురి గుర్తులుండును. గుళ్ళ తుపాకికి ముందు పూస మాత్రమే కలదు. వెనుక గుర్తు గురికాని కన్నే. చెంప తుపాకి కొయ్యమీద ఎక్కడ ఆనునో కన్ను అక్కడ నిలుచును. కొయ్య మూడు మిల్లీమీటర్లు ఎత్తైనచో ఏమగును? కంటికి పూసకు నడుమ దూరము 90 సెంటీమీటర్లనుకొందము. సరూప త్రిభుజముల లెక్క ప్రకారము 35 మీటర్ల దూరమున గురి దాదాపు 12 సెంటీమీటర్లు పైకి లేచును. పళ్ళెపు అడ్డుకొలత 11 సెంటీమీటర్లు అని మరువరాదు! అంగట్లోని చొక్కావలె తుపాకి కూడ నడిమి కొలతల మనిషికి చేసినది. చేతులు పొడుగైనవానికి మడమ పొట్టియగును. మెడ పొడుగైనవానికి కొయ్య పల్లమగును. కొయ్యమీద పట్టీ అంటించి ఎత్తు పెంచుట, మడమకు పలుచని చెక్క చేర్చి పొడిగించుట వడ్రంగి పనివంటివి. లక్షల తుపాకి యైనను ఒంటికి కుదరనిచో ఈ పని దానికి కూడ చేయించవలసినదే.

కంటి విషయములో మరియొక పరీక్ష తరగతిలోనే చేయవచ్చును. రెండు కన్నులు తెరచి, చేయి చాచి, బొటనవ్రేలిని దూరపు వేపచెట్టు మొదలుతో కలుపవలెను. పిదప ఒక్కొక్క కన్నును మూసి చూడవలెను. ఏ కన్ను తెరచియున్నప్పుడు వ్రేలు చెట్టును వీడదో అది ఏలుబడి కన్ను. కుడి భుజమున తుపాకి నానించువానికి ఎడమకన్ను ఏలుబడిదైనచో, రెండు కన్నులు తెరచి కాల్చినప్పుడల్లా గురి ప్రక్కకు పోవును. అట్టివాడు ఎంత వెలగల తుపాకి కొన్నను ఆ దోషము వెంట వచ్చును. మొదటి తుపాకి నిందలపాలగుటకు ఇది ఒక సామాన్య కారణము.

పద్దెనిమిదియా, ఇరువది యొకటియా?

మన యువకుడు మిత్రుని కొత్త తుపాకి అరువు తీసికొని ఒక విడత కాల్చి 21 కొట్టినాడనుకొందము. తుపాకి మహిమ తేలినదా? ఇక్కడనే ఎక్కువమంది మోసపోవుదురు.

ఉపాధ్యాయులు ఒక కుండలో 25 చింతగింజలు పోసి, అందు ఏడింటికి సున్నపు చుక్క పెట్టించవలెను. విద్యార్థి కన్నులు మూసికొని ఒక గింజ తీయును. చుక్క లేనిది వచ్చినచో “పగిలినది”, చుక్క ఉన్నచో “తప్పినది” అని వ్రాసి, గింజను మరల కుండలో వేసి కలుపవలెను. ఇట్లు 25 సార్లు తీసినచో ఒక విడత పూర్తియగును. కుండ మారదు, గింజలు మారవు. సగటు 18 కావలెను. అయినను ఒకనికి 15 వచ్చును, మరియొకనికి 20, ఇంకొకనికి 22. సంభావ్యత లెక్క ప్రకారము 16 నుండి 20 లోపల వచ్చుట నాలుగింట మూడుసార్లు మాత్రమే. 21 గాని అంతకు పైగాని వచ్చుట సుమారు ఎనిమిదింట ఒకసారి జరుగును. నలుబదిమంది గల తరగతిలో అయిదుగురు “మహా గురికాండ్రు” ఏ తుపాకియు లేకుండనే తేలుదురు!

ఈ చెదురు ఎంతయో తెలుపు సూత్రము చిన్నది. విడతలోని పళ్ళెముల సంఖ్యను, పగులు పాలును, తప్పు పాలును గుణించి వర్గమూలము తీయవలెను. 25 × 0.72 × 0.28 అనగా సుమారు 5, వర్గమూలము 2.2. పది విడతలు, అనగా 250 పళ్ళెములైనచో సగటు 180, చెదురు 7. రెండు తుపాకులను పోల్చునప్పుడు రెండింటి చెదురును కలిసి 10 అగును. దానికి రెట్టింపు, అనగా 20 పళ్ళెముల భేదము కనబడినగాని కొత్తది మేలని ధైర్యముగా చెప్పరాదు. విడతకు ఒక్క పళ్ళెము మెరుగును ఇదే నమ్మకముతో నిర్ధారించవలెనన్నచో ఒక్కొక్క తుపాకితోను వేయి పళ్ళెములు కాల్చవలసివచ్చును. అన్ని తోటాలు శ్రద్ధగా కాల్చినవాడు ఏ తుపాకితోనైనను మెరుగుపడియే తీరును; కాబట్టి ఆ మెరుగు తుపాకిదో చేతిదో విడదీయుట మరింత కష్టము.

విడదీయు ఉపాయము మిరప రైతుకు తెలిసినదే. కొత్త విత్తనమును ఒక ఏడును, పాత విత్తనమును మరియొక ఏడును వేసి పోల్చిన రైతు వానను చూచి విత్తనమని భ్రమపడును. ఒకే చేనిలో, ఒకే కారులో, ప్రక్కప్రక్క మళ్ళలో వేసినవాడే నిజము తెలిసికొనును. తుపాకులను కూడ ఒకే దినమున, ఒకే గాలిలో, ఒకే రకపు తోటాలతో, ఒక విడత దీనితో ఒక విడత దానితో మార్చి మార్చి కాల్చి వ్రాసికొనవలెను.

షెనాయ్ వంటివారికి ఈ లెక్క వేరుగా వచ్చును. 125కు 122 కొట్టువాని చెదురు రెండునకు లోపే. అక్కడ ఒక్క పళ్ళెము పతకమునకు, ఉత్త చేతులకు నడుమ గల దూరము. అట్టివాడు తుపాకి కొయ్యలో ఒక మిల్లీమీటరు కొరకు దినములు గడుపుట న్యాయమే. 18 దగ్గర నున్నవానికి ఆ అనుకరణ పనికిరాదు.

రెండవ గొట్టము

అయితే కారణమును బట్టియే నిశ్చయించదగిన మేలు ఒకటి కలదు. ట్రాప్ అర్హత పోటీలో ఒక్కొక్క పళ్ళెమునకు రెండు తోటాలు కాల్చుటకు నియమములు అనుమతించును. మొదటిది తప్పినను రెండవదానితో పగిలినచో మార్కు వచ్చును. ఒంటి గొట్టపువానికి ఆ అవకాశమే లేదు. మన యువకుడు తప్పుచున్న 7 పళ్ళెములలో మూడవ వంతును రెండవ తోటాతో పట్టగలిగినను విడతకు రెండు లాభము. 18 కాస్త 20 అగును. స్కీట్‌లో జంటగా ఎగురు పళ్ళెములకు ఒంటి గొట్టముతో పోటీ పూర్తిచేయుటయే సాధ్యము కాదు. పోటీలలో దిగవలెనని నిశ్చయించుకొన్ననాడు జంట గొట్టము సోకు కాదు, పనిముట్టు. గొట్టములు ప్రక్కప్రక్కన కాక ఒకదానిపై ఒకటి ఉండు అమరిక ఈ క్రీడలో వాడుక. దానిలో కంటి ముందు ఒకే సన్నని బాట కనబడును. క్రింది గొట్టము భుజమునకు ఇంచుమించు సూటిగా ఉండుట వలన మూతి పైకెగురుట తక్కువై రెండవ తోటాకు గురి త్వరగా కుదురును.

మరియొక సందర్భములో ఆలస్యమే కూడదు. తాతలనాటి తుపాకులు కొన్నింటిలో తోటా గది 65 మిల్లీమీటర్ల పొడవునకు చేసినది. నేటి తోటాలు సాధారణముగా 70 మిల్లీమీటర్లవి. ఈ 70 అనునది పేలిన పిదప మూతి మడత విప్పుకొన్నప్పటి పొడవు. పేలకముందు అంతకంటె పొట్టిగా ఉండును గనుక పాత గదిలో సుఖముగా ఇమిడిపోవును. పేలినప్పుడు మడత విప్పుకొనుటకు చోటు లేక గొట్టపు ఇరుకులోనికి చొచ్చి ఒత్తిడిని ప్రమాదకరముగా పెంచును. ఇమిడినది గదా యని కాల్చుట ఇందుకే పనికిరాదు. ఇనుప, ఉక్కు బద్దలను మెలిపెట్టి అతికించి చేసిన ప్రాచీన గొట్టములు నల్లమందునకు ఉద్దేశించినవి. వాటిలో పొగలేని మందు తోటా వేయరాదు. మడత బందు వదులైనది, గొట్టములో సొట్ట గాని త్రుప్పు గుంట గాని ఉన్నది, లైసెన్సు గల పనివాడు పరీక్షించువరకు గోడకే ఉండవలెను. అట్టి తుపాకి విషయములో పై లెక్కలేవియు అక్కరలేదు.

కొనుటకు నిశ్చయించినను దుకాణమునకు పోయి తెచ్చుకొను వస్తువు కాదు. 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి నియమములు దీనిని పాలించుచున్నవి. 21 ఏండ్లు నిండనివారు సాధారణముగా స్వంత తుపాకి ఉంచుకొనరాదు. గురి నేర్చుకొను చిన్నవారికి పర్యవేక్షణలో అభ్యాసమునకు మాత్రము వేరు ఏర్పాటు కలదు. 2019 సవరణకు పూర్వము ఒకరు మూడు తుపాకుల వరకు ఉంచుకొనవచ్చును. ఆ సవరణ దానిని రెండునకు తగ్గించినది. గుర్తింపు పొందిన క్రీడాకారులకు సడలింపులు వేరు. లైసెన్సు గడువు అయిదేండ్లు. విదేశపు తుపాకి దిగుమతికి అనుమతి కూడ ఉన్నతస్థాయి గురికాండ్రకే పరిమితము; అందుచేత మిగిలినవారు మనదేశపు తయారీ గాని, ఒకరు వాడి అమ్మినది గాని చూచుకొందురు. వాడినదానిని కొనునప్పుడు గొట్టమును వెలుతురువైపు పెట్టి లోపల నీడ వలయములు చెదరకున్నవా యని చూచుట, మడత బందు మూసి కదపి చూచుట, తోటా గది పొడవు గొట్టముపై చెక్కిన గుర్తును బట్టి తెలిసికొనుట కనీస పరీక్షలు.

నేడు మరియొక విషయము కూడ ఆలోచించవలసియున్నది. సీసము విషము. నేలలోను నీటిలోను అది చేరుట వలన పక్షులు చచ్చుచున్నవని, ఐరోపా సమితి 2023 ఫిబ్రవరి నుండి చిత్తడి నేలలలో సీసపు గుళ్ళను నిషేధించినది. సీసమునకు మారు ఉక్కు గుళ్ళు. ఉక్కు సాంద్రత 7.8 మాత్రమే గనుక అదే బరువు కొరకు గుండు లావు పెంచవలెను. అది సీసమువలె నలగదు గనుక పాత గొట్టముల బిగువు నొక్కులో ఇరికి గొట్టమును ఉబ్బించగలదు. నేడు తుపాకి కొనువాడు గొట్టముపై ఉక్కు గుళ్ళకు తగినదను పరీక్ష ముద్ర ఉన్నదో లేదో కూడ చూచి తీసికొనుట మేలు. ఒక తుపాకి చక్కగా కాపాడినచో రెండు తరములు పనిచేయును.